పోలమ్మ ఖాతా

పోయిన నెల మద్దిలపాలెంలో ఒక బ్యాంకు వాళ్ల శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. కొత్తగా చేరిన ఆఫీసర్లు నలభై మంది దాకా ఉన్నారు. "అనుభవం ఉన్నవారు, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి మేడమ్" అన్నారు. నాలుగు మంచి మాటలే కావాలంటే కేలండరు మీద అచ్చేయించుకోవచ్చు, నన్ను పిలవడం దేనికి? అయినా వెళ్లాను. నాకన్నా ముందు మాట్లాడినతను తెర మీద ఒక జాబితా చూపించాడు. జనం డిపాజిట్లు బ్యాంకులోకి ఎందుకు వస్తాయంటే వడ్డీ రేటు, శాఖ దగ్గరగా ఉండడం, ఫోనులో యాప్ వేగం, ప్రకటనలు, సిబ్బంది చిరునవ్వు. చిరునవ్వు పక్కన ఒక పసుప్పచ్చ మొహం బొమ్మ కూడా పెట్టాడు. నా వంతు వచ్చేసరికి ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "మేడమ్, వీటిల్లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఏది?" అని అడిగింది. "అది ఈ జాబితాలో లేదమ్మా. మల్కాపురంలో పోలమ్మ అని ఒకావిడ ఉండేది..." అని మొదలుపెట్టానో లేదో, నిర్వాహకుడు గడియారం చూసుకుని శాలువాతో నా వెనక నిలబడ్డాడు. శాలువా కప్పాక ఇంక మాట్లాడకూడదని మన సభల్లో రివాజు. కప్పించుకుని సీతమ్మధారలో మా ఇంటికి వచ్చేశాను. ఆ పిల్లకి చెప్పనివ్వని సంగతి ఇప్పుడిక్కడ చెబుతాను. ఎవరు గడియారం చూసుకున్నా నాకు లెక్కలేదు.

పరీక్ష రాసి బ్యాంకులో గుమస్తాగా చేరేనాటికి నాకు నిండా ఇరవై రెండేళ్లు లేవు. మాది విజయనగరం అవతల మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. పోస్టింగు మల్కాపురం శాఖలో వచ్చింది గనక మా నాన్న నన్నొక రేకుపెట్టెతో సహా తెచ్చి తన అప్ప ఇంట్లో దింపి వెళ్లాడు. ఆవిడ మా గవరమ్మత్త. మావయ్య పోర్టులో ఖలాసీ. రెండు గదులు, ముందొక అరుగు, అరుగు పక్కన నీళ్ల డ్రమ్ము, అంతే ఇల్లు. తెల్లారకుండానే అత్త లేచి కుళాయి దగ్గర వరసలో బిందె పెట్టి వచ్చి అరుగు కడిగేది. మధ్యాహ్నానికి దాని మీద పోర్టు బొగ్గు నుసి నల్లగా పరుచుకునేది. మళ్లీ కడిగేది. ఆరేసిన బట్టల్ని ఇంట్లోకి తెచ్చే ముందు గట్టిగా దులపడం ఆ వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. గాలి సముద్రం వైపు నుంచి వీస్తే ఎండుచేపల వాసన, అవతలి వైపు నుంచి వీస్తే రిఫైనరీ గ్యాసు వాసన, ఏ గాలీ లేకపోతే అత్త పొయ్యి మీద ఉడుకుతున్న చోడి అంబలి, అంటే రాగి అంబలి, వాసన. మేం ముగ్గురమే అయినా అంబలి మాత్రం పదిమందికి సరిపడా కాచేది. ఎందుకో నాకు మొదటివారం బోధపడలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక వాళ్లు వచ్చేవారు. పొద్దున్నే హార్బరులో చేపలు కొని, రిఫైనరీ క్వార్టర్ల వెంట తిరిగి అమ్ముకుని, ఖాళీ తట్టలతో తిరిగొచ్చే ఆడవాళ్లు. డ్రమ్ములో నీళ్లతో చేతులు కడుక్కుని అరుగు మీద కూలబడి అంబలి తాగేవారు. తర్వాత కొందరు చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేవారు. అందరిలోకి పొడుగు మనిషి పోలమ్మ. నవ్వితే వీధి చివరికి వినబడేది. తట్ట మోసీ మోసీ మెడ పట్టేసి, ఎవరైనా పిలిస్తే తలతో కాకుండా భుజాలతో సహా తిరిగేది. చుట్ట అయిపోయాక ఒక్కొక్కరే లోపలి గుమ్మం దగ్గరికి వచ్చి, రొండిన దోపుకున్న గుడ్డ మూట తీసి అత్త చేతిలో పెట్టేవారు. ఒకరు ఇస్తున్నంతసేపూ మిగతావాళ్లు వీధివైపు తిరిగి కూర్చునేవారు. అలా తిరగమని ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు. అత్త ఆ మూటల్ని బియ్యం బస్తా వెనకనున్న రేకుడబ్బాలో వేసేది. ఎవరి పాత చీర ముక్కతో వాళ్లు మూట కట్టుకునేవారు గనక పేర్లతో పనిలేదు. అత్తకు చదువూ రాదు, మూట విప్పి చూసే అలవాటూ లేదు.

నాకు నవ్వొచ్చింది. బ్యాంకు గుమస్తాని కదా, ఇంట్లోనే ఇంకో బ్యాంకు నడుస్తుంటే ఊరుకుంటానా? వడ్డీ గురించి చెప్పడం మొదలుపెట్టాను. పోలమ్మ శ్రద్ధగా విని, "ఊరికే ఎందుకిత్తారు వడ్డీ?" అంది. మన డబ్బు ఇంకొకరికి అప్పిచ్చి వాళ్ల దగ్గర వసూలు చేస్తారు గనక మనకి కొంత ఇస్తారన్నాను. "అయితే నా మూట ఇప్పి పదిమందికి సూపిత్తారన్నమాట. మీ అత్త ఇప్పదు" అంది. ఏదో చదువుకోని మనిషి మాటలే అని కొట్టిపారేశాను. ఇవాళ ఆలోచిస్తే, ఆ తెర మీది జాబితా మొత్తం కలిపినా ఆ ఒక్క మాటకి సాటి రాదు.

మా మేనేజరు గారు వేరే జిల్లా నుంచి వచ్చినవారు. చెడ్డవారు కారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో సెంటు రాసిన చేతిరుమాలు. చేపల తట్ట గుమ్మం దగ్గర కనబడితే ఆ రుమాలు ముక్కు మీదికి వెళ్లేది. శాఖ కొత్తది, డిపాజిట్లు పెరగకపోతే ఎత్తేస్తారని పైనుంచి ఉత్తరాలు వస్తుండేవి. అందుకని ఆయన డిపాజిట్ మేళా పెట్టారు. పెట్టి పెట్టి మార్గశిర మాసంలో గురువారం పెట్టారు. మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటారు. "లక్ష్మీదేవి వారం, అందులో మార్గశిరం, ఇంతకన్నా మంచిరోజు ఏముంది?" అన్నారు. "సార్, ఆ రోజు ఇక్కడ ఎవరూ ఇంట్లోంచి పైసా బయటికి తియ్యరు" అన్నాను. "మూఢనమ్మకాలు బ్యాంకులోకి తేవద్దమ్మా" అన్నారు. మంచిరోజని ముహూర్తం పెట్టిందేమో ఆయన, మూఢనమ్మకం నాదట.

షామియానా వేశారు. మైకు పెట్టారు. ఖాతా తెరిచిన వాళ్లకి ఇవ్వడానికి ప్లాస్టిక్ మగ్గులు గుట్టగా పోశారు. తెల్లవారుజామునే బురుజుపేట అమ్మవారి దర్శనం చేసుకుని తడి జుట్టుతో, మొహం నిండా పసుపుతో బస్సు దిగి వస్తున్న ఆడవాళ్లంతా షామియానా ముందు నుంచే వెళ్లారు. లడ్డూ ఇస్తే తీసుకున్నారు. ఖాతా అంటే చేతులు ఊపేశారు. మా అత్త కూడా వాళ్లలో ఉంది. మైకు వైపు ఒకసారి చూసి, నా దగ్గరికొచ్చి, "లచ్చివారం పూట లచ్చిమిని గుమ్మం దాటించమంటాడేటి మీ మేనేజరు? సెప్పడానికి ఇంట్లో ఆడోళ్లు నేరేటి?" అని వెళ్లిపోయింది. సాయంత్రానికి మగ్గులు మగ్గుల్లాగే ఉన్నాయి. మేనేజరు గారు కుర్చీలో వెనక్కి వాలి, "ఈ జనానికి పొదుపు అలవాటు లేదమ్మా, వచ్చింది వచ్చినట్టు తాగేస్తారు" అని తేల్చేశారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. బియ్యం బస్తా వెనక డబ్బా తెలిసినదాన్ని, ఒళ్లు మండిపోయింది. ఆయన మాట అబద్ధమని ఆయన బల్ల మీదే రుజువు చెయ్యాలనుకున్నాను. అంతేకాదు, దాచుకోవడమెందుకు, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తలా కొన్ని ఖాతాలు తెస్తేనే ఖాయం చేస్తామని నోటిమాటగా చెప్పి ఉన్నారు.

ఇంటికొచ్చి అత్తని బతిమాలాను. అత్త బియ్యంలో రాళ్లేరుతూ అంతా వింది. చివరికి ఒకటే అడిగింది. "ఎంతుందో ఎవులికీ సెప్పరు గదా?"

"చెప్పరత్తా. ఖాతా ఎవరిదో వాళ్లకే చెప్పాలి. అది రూలు."

"మొగుడికి?"

"మొగుడికైనా."

"సరే అయితే. నీ మాట మీద పంపుతన్నాను అమ్మీ" అంది.

మా కేషియరు గారు పెద్దాయన, మనసున్నవాడు. వేళ దాటాక వచ్చినా, నోట్లు తడిగా ఉన్నా తీసుకుంటానన్నాడు. నోట్లు ఫ్యాను కింద ఆరబెట్టి లెక్కపెట్టేవాడు. ఒక సోమవారం నాడు పదకొండు మంది వచ్చారు. పాసుపుస్తకాలు ఇళ్లకి తీసుకెళ్లకుండా అత్త డబ్బాలోనే పెట్టుకున్నారు. మేనేజరు గారు రుమాలు జేబులోనే ఉంచుకుని అందరికీ టీ ఇప్పించారు. "చూశావా, నేను చెప్పలేదూ!" అన్నారు నాతో. ఆయనేం చెప్పారో నాకు గుర్తులేదు. వాళ్లు తర్వాత్తర్వాత ప్రతివారం వచ్చారు. పోలమ్మకి ఒక లెక్కుంది. క్వార్టర్ల గేటు దగ్గర రేకుల కొట్టు ఒకటి అమ్మకానికి ఉంది. అది కొనుక్కుంటే ఇంక తట్ట నెత్తికెత్తుకుని తిరగక్కర్లేదు, కూర్చున్నచోటే అమ్ముకోవచ్చు. "ఈ మెడ నాకు మళ్లీ తిరగాలి సత్తెమ్మా, ఎనకనుంచి ఎవులు పిలుత్తన్నారో నాను సూడాలి" అని నాతో చెప్పి నవ్వేది. నేను ప్రతివారం ఆ కొట్టుకి ఇంకెంత తక్కువో చెవిలో చెప్పేదాన్ని. ఎనిమిది నెలలు అలా సాగింది. ఇంక కొంచెమే మిగిలింది.

ఒకరోజు పోలమ్మ భర్త చిరిగిన నోటు మార్చుకోవడానికి బ్యాంకుకి వచ్చాడు. పడవ మీద వేటకెళ్లే మనిషి, నెమ్మదస్తుడు. మేనేజరు గారు గదిలోంచి బయటికొచ్చి, పేరడిగి పోలమ్మ భర్తేనని గుర్తుపట్టి, హాలు మధ్యలో భుజం మీద చెయ్యేసి, "ఏమయ్యా, మీ ఆవిడ ఖాతాలో ఎంతుందో తెలుసా?" అని అంకెతో సహా చెప్పేశారు. "ఆడమనిషి అంత కూడబెడితే నువ్వు వెనకబడతావా? నువ్వూ ఒక ఖాతా తెరువు" అన్నారు. ఆయన ఉద్దేశం ఇంకో డిపాజిట్ రాబట్టడమే. అందులో దురుద్దేశం వెతికినా దొరకదు. అతను నోటు మార్చుకోవడం కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు. నేను లెడ్జరు మీద కలం అలాగే పెట్టి ఉండిపోయాను. సిరా మచ్చ పెద్దదయ్యేదాకా చూసుకోలేదు.

పోలమ్మని అతను కొట్టలేదు, తిట్టలేదు. అన్నగారి పడవకి ఇంజను కావాలి, ఇంట్లో డబ్బుండి ఎలా ఊరుకుంటాం, అని అడిగాడంతే. మర్నాడు వచ్చి మొత్తం తీసి ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నం అరుగు మీద అంబలి ముట్టుకోలేదు. "ఇవ్వనని ఎందుకనలేదు పోలమ్మా, అది నీ డబ్బు" అన్నాను. "ఆడికి తెలీనంతవరకే అది నా డబ్బు. తెలిసిపోనాక ఇంటి డబ్బు" అంది. భుజాలతో సహా నావైపు తిరిగి, "ఎవులికీ సెప్పరన్నావు గదా సత్తెమ్మా" అంది.

"నేను చెప్పలేదు పోలమ్మా, ఒట్టు."

"నువ్వు సెప్పనేదు. నాకు తెలుసు. మీ బేంకు సెప్పింది."

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? అరుగు మీద అందరూ వింటున్నారు. ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

సెప్టెంబరు ఆఖరున అర్ధ సంవత్సరం లెక్కలు మూసే రోజున మిగతా పదిమందీ కలిసి వచ్చారు. మొత్తం తీసేసుకుంటామన్నారు. ఆ సాయంత్రం శాఖ డిపాజిట్లు ఎంతో పైకి పంపాలి. మేనేజరు గారి మొహంలో రక్తం లేదు. నన్ను గదిలోకి పిలిచి, "క్యాష్ లేదని చెప్పు. రేపు రమ్మను. ఈ ఒక్కరోజు గడిస్తే చాలు" అన్నారు.

"క్యాష్ ఉంది సార్."

"నాకు తెలీదా? లేదని చెప్పమంటున్నాను."

"నేను చెప్పను. వాళ్లకి ఇప్పటికే ఒక అబద్ధం చెప్పాను. అది మీవల్ల అబద్ధమైంది. రెండోది నా నోటంట రాదు." ఈ మాట గదిలో అనవలసింది. కాని నేనప్పటికే లేచి తలుపు తీశాను గనక హాలంతా విన్నది. కౌంటరు దగ్గరికి వెళ్లి పది ఫారాలు ముందేసుకుని, ఒక్కొక్కరి పేరూ అడిగి, నా చేత్తోనే నింపి, వేలిముద్రలు వేయించాను. ఖాతాలు తెమ్మంటే తెచ్చిన గుమస్తా, పెర్మనెంటు కాని గుమస్తా, లెక్కలు మూసే రోజున తన ఉద్యోగాన్ని తనే వేలిముద్రలతో తీసేసుకుంటోందని కేషియరు గారు కళ్లతోనే నన్ను వారించాడు. నేను ఆగలేదు. ఆయన ఒక్కొక్కరికీ డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే మిగతా ఆడవాళ్లు అలవాటు ప్రకారం గోడవైపు తిరిగి నిలబడ్డారు. మా మేనేజరు గారికి ఆ మర్యాద చివరిదాకా అర్థం కాలేదు.

నాలుగో రోజున మెమో వచ్చింది. ఖాతాదారులను డబ్బు తీసుకోమని ప్రోత్సహించానట, పై అధికారితో నలుగురిలో దురుసుగా మాట్లాడానట. క్షమాపణ రాసిస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేకపోతే వాళ్ల ఇష్టం. మావయ్య ఆ కాగితం చేత్తో పట్టుకుని, "రెండు ముక్కలు రాసి పడీ తల్లీ. గవర్మెంటు లాంటి ఉద్యోగం. మీ నాన్నకి నానేటి సెప్పాలి?" అని గదంతా తిరిగాడు. ఆయన భయం న్యాయమైనదే. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఒక ఆడపిల్లకి జీతం రావడమంటే ఎంతో నాకు తెలియక కాదు. అత్త అంబలి కుండ దింపి వచ్చి కూర్చుంది. "రాత్తావో మానుతావో నీ ఇష్టం అమ్మీ. గాని తప్పు నీదని మాత్రం రాయకు. నీది తప్పయితే ఆళ్లని పంపిన నాదీ తప్పే. ఈ ఈదిలో నాను ఏ మొకం పెట్టుకు తిరగాలి?" అంది. అప్పటిదాకా నేను నా ఉద్యోగం గురించే ఆలోచిస్తున్నాను. ఆవిడ పోగొట్టుకున్నది నాకు తట్టనే లేదు. అన్నేళ్లు ఒక్క మూట విప్పని మనిషి, నా మాట నమ్మి ఆ మూటల్ని పంపింది.

నేను రాసిన సంజాయిషీ మూడు వాక్యాలు. ఖాతాలో ఎంతుందో ఖాతాదారుకి తప్ప చెప్పకూడదన్నది బ్యాంకు నియమం. అడిగిన డబ్బు అడిగినప్పుడు ఇవ్వడం కూడా నియమం. ఆ రోజు నేను రెండూ పాటించాను, క్షమాపణకి కారణం కనబడడం లేదు. ఉద్యోగం తియ్యలేదు. ఖాయం చేసే గడువు మాత్రం ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఒక ఇంక్రిమెంటు వెనక్కి పోయింది, నాతో చేరినవాళ్లంతా నాకన్నా పైవాళ్లయ్యారు. ఆ వెనకబాటు ప్రతి ప్రమోషన్‌లోనూ నా వెంటే వచ్చింది, ఇప్పుడు పెన్షన్‌లోనూ వస్తోంది. ప్రతినెలా అంత తక్కువ పడుతుంది. పడనీ.

తర్వాత నేనే మేనేజర్నయ్యాను, నాలుగు శాఖలు నడిపాను. డిపాజిట్లు బాగా తెచ్చినందుకు షీల్డులు ఇచ్చారు, అవి ఎక్కడో అటక మీదున్నాయి. రహస్యమేమిటని అడిగినవాళ్లకి నేను చెప్పింది ఒక్కటే. మొగుడొచ్చి పెళ్లాం ఖాతా అడిగినా, పెళ్లామొచ్చి మొగుడి ఖాతా అడిగినా, కొడుకొచ్చి తల్లిది అడిగినా, నా దగ్గర దొరికే జవాబు "వాళ్లనే అడగండి". నవ్వుతూ చెప్పానో లేదో గుర్తులేదు. మిగతా పదిమందిలో ఇద్దరో ముగ్గురో కొన్నేళ్లకి తిరిగొచ్చారు. పోలమ్మ మాత్రం రాలేదు. నా చేతుల్లో గాని ఏ బ్యాంకులో గాని మళ్లీ ఒక్క రూపాయి వెయ్యలేదు. ఆ రేకుల కొట్టు ఎవరో కొనుక్కున్నారు. పోలమ్మ మోకాళ్లు ఒప్పుకున్నన్నాళ్లూ తట్ట మోసింది. దారిలో కనబడితే నవ్వేది, ఆగి నా యోగక్షేమం అడిగేది. బ్యాంకు ఊసు ఎత్తేది కాదు. నేను తెచ్చిన కోట్ల డిపాజిట్ల కన్నా రాని ఆ డిపాజిట్టే నాకు ఎక్కువ నేర్పింది.

ఇప్పుడంతా మారిందంటారు. మారింది నిజమే, హాల్లో గట్టిగా అరవక్కర్లేదు. మొన్న వారం ఎవరో కుర్రాడు ఫోను చేసి, "మేడమ్, మీ డిపాజిట్ వచ్చేనెల మెచ్యూర్ అవుతోంది కదా" అని మొత్తంతో సహా చెప్పి, తమ సంస్థలో పెట్టమన్నాడు. ఆ తేదీ నాకూ నా బ్యాంకుకీ తప్ప మా ఆయనకి కూడా తెలియదు. నీకెవరు చెప్పారంటే "డేటాలో ఉంది మేడమ్" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బ్యాంకుకి వెళ్లి, డిపాజిట్ రద్దు చేసి డబ్బిచ్చెయ్యమన్నాను. మేనేజరు మా అబ్బాయి వయసువాడు, మర్యాదస్తుడు. కుర్చీ లాగి కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అది ఎక్కడ బయటికి పోయిందో తమకేం తెలియదన్నాడు. ముందే తీస్తే వడ్డీ తగ్గుతుందన్నాడు. తగ్గనీ అన్నాను. అప్పుడతను కొంచెం ముందుకు వంగి, ఎంతో మృదువుగా, "మేడమ్, తొందరపడకండి. ఒకసారి ఇంటికెళ్లి సార్‌ని కూడా అడిగి రండి. కావాలంటే నేనే సార్‌కి ఫోన్ చేసి మాట్లాడతాను" అన్నాడు.

"ఫారం ఇవ్వు బాబూ" అన్నాను.

ఇచ్చాడు. కారణం అన్నచోట 'సొంత అవసరాలు' అని తనే రాయబోయాడు. ఫారం నావైపు తిప్పుకుని, కలం అడిగి తీసుకుని, 'నా ఖాతా సంగతి నాకు చెప్పకుండా ఇంకొకరికి చెప్పారు' అని విడి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. ఇలా రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు మేడమ్ అన్నాడు. ఒప్పుకునేదాకా ఇక్కడే కూర్చుంటానని చెప్పి, కూర్చున్నాను.